అంచున బతికిన గుండీలు

జూన్ 14

మోకాలు వాచింది. కుట్టుమిషను ముందుండే స్టూలు ఈ రోజు నా దారికి అడ్డం వచ్చింది. నేనే దాని మీదికి వెళ్ళానని మా ఆవిడ వాదన.

"దీన్ని ఎవరు జరిపారు?" అని అరిచాను.

"నేనే. పొద్దున జరిపాను. అప్పట్నుంచీ అక్కడే ఉంది. పిల్లా నేనూ దాని పక్కనుంచే తిరుగుతున్నాం," అంది ఆవిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. టైలరమ్మలకు సూది బెజ్జం కనబడుతుంది, మొగుడి మోకాలు కనబడదు.

మా ఇంట్లో ఏ వస్తువూ జరపకూడదు. ఈ రూలు నాన్న దగ్గర్నుంచి వచ్చింది. నలభై దాటాక నాన్న చూపు చుట్టూరా ముడుచుకుంటూ వచ్చి చివరికి పూర్తిగా పోయింది. అప్పట్నుంచి కుర్చీ ఉన్నచోటే కుర్చీ, బకెట్టు ఉన్నచోటే బకెట్టు. అక్కా నేనూ కరెంటు పోయినా దేనికీ తగలకుండా ఇల్లంతా పరిగెత్తేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆ రూలును నేను ఈ ఇంటికి తెచ్చాను. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బా తగల్లేదు.

నలభై రెండేళ్ళ వయసులో స్టూలు మీద కోపంతో డైరీ మొదలుపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

జూన్ 21

కాలేజీలో అనువంశికత పాఠం మీద చిన్న పరీక్ష పెట్టాను. ప్రశ్న ఇది: ఒక తండ్రికి నడివయసులో చూపు పోయే జబ్బు ఉంది. పిల్లల్లో ఒక్కొక్కరికి అది వచ్చే అవకాశం సగానికి సగం. పెద్ద కూతురికి వచ్చింది. మరి చిన్న కొడుకు సంగతేమిటి?

క్లాసులో సగం మంది 'అక్కకు వచ్చేసింది కాబట్టి తమ్ముడు తప్పించుకుంటాడు' అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు నాణేలు ఎగరేయించి మరీ చెప్పానే! అందరికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. 'నాణేనికి జ్ఞాపకం ఉండదు. మొదటిసారి బొమ్మ పడిందని రెండోసారి దానికి గుర్తుండదు. పుట్టే ప్రతి బిడ్డా కొత్తగా ఎగరేసిన నాణెమే' అని కాగితం కాగితం మీదా రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి ఉంది. ప్రతిదానికీ అడ్డు ప్రశ్న వేస్తుంది కాబట్టి లాయరమ్మ అని పేరు పెట్టాను. ఆమెకు ఫుల్ మార్కులు.

"ఈ కుటుంబాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారు సార్?" అని అడిగింది.

"ఊరికే ఊహించాను," అన్నాను.

మా ఇంట్లోంచే తెచ్చానని చెప్పలేదు. నాన్న తర్వాత అక్కకు ముప్ఫై ఎనిమిదో ఏట మొదలైంది. ఇప్పుడు తలుపు సందులోంచి చూస్తున్నట్టు ఉంటుందంటుంది. పాపం అక్క. మా ఇంటి వాటా మొత్తం తనమీదే పడింది. నాకా బెడద లేకుండా పోయింది.

జూన్ 25

మా ఆవిడ మెట్ల అంచులకు తెల్ల పెయింటు వేయించింది. జీబ్రా ఎక్కి దిగుతున్నట్టుంది. కొత్త ఫ్యాషను కాబోలు.

జూలై 2

వీధి దీపాలు మార్చినప్పట్నుంచి మా వీధి పాడైపోయింది. సాయంత్రం పిచ్చుకను ట్యూషను నుంచి తీసుకొస్తూ ఒక స్తంభానికి భుజం కొట్టుకున్నాను. పిచ్చుక అంటే మా అమ్మాయి, తొమ్మిదేళ్ళది. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. ఈ మధ్య కొత్తగా నా ఎడమ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. రోడ్డు మీద కుడిచెయ్యి ఇస్తే ఒప్పుకోదు, చుట్టూ తిరిగి ఎడమవైపుకే వస్తుంది. పిల్లలకు ఇలాంటి పిచ్చి పట్టింపులు ఉంటాయి.

దీపాల మీద ఘాటుగా ఫిర్యాదు పెట్టాను.

జూలై 6

ఎలక్ట్రీషియను వచ్చాడు. నిచ్చెన వేసి చూసి, దిగి, "దీపాలు బ్రహ్మాండంగా ఉన్నాయండి. మీ వీధిలో కింద పడ్డ సూది కూడా ఏరుకోవచ్చు," అన్నాడు.

మర్యాద తెలియని మనిషి.

జూలై 11

ఈ రోజు ప్రకృతి వరణం పాఠం మొదలుపెట్టాను. ఏటా ఆడించే ఆటే. ల్యాబు బల్ల మీద పూల దుప్పటి పరుస్తాను. మా ఆవిడ డబ్బాలోంచి అరువు తెచ్చిన రంగు రంగుల గుండీలు దాని మీద చల్లుతాను. అవి పురుగులన్నమాట. పిల్లలు పక్షులు. నేను చప్పట్లు కొడుతున్నంతసేపూ కంటికి కనబడ్డ గుండీనల్లా ఏరాలి. దుప్పటి రంగులో కలిసిపోయినవి మిగులుతాయి, కొట్టొచ్చినట్టు కనబడేవి పోతాయి. మిగిలినవాటికే పిల్లలు పుడతాయి కాబట్టి అదే రంగువి మరికొన్ని చల్లి మళ్ళీ ఆడతాం. మూడో ఆటకల్లా దుప్పటి మీద ఎర్ర గుండీ మందుకు కూడా దొరకదు. ప్రకృతి వరణం అంటే ఇంతే, ఇందులో ఎవరి తెలివీ లేదు, ఎవరి కుట్రా లేదు.

పిల్లలు గోల చేస్తే ఈసారి నేనూ ఒక ఆట పక్షినయ్యాను. గబగబా ఏరి, "అయిపోయింది, ఇక మిగిలినవన్నీ పురుగుల్లో మహానుభావులు," అని తల ఎత్తాను. క్లాసు నవ్వుతుందనుకుంటే అందరూ దుప్పటి అంచుల వైపు చూస్తున్నారు.

"సార్, మీ మోచేతి పక్కన ఎర్రవి ఉన్నాయి," అంది లాయరమ్మ.

ఉన్నాయి. తెల్లటి పువ్వు మీద కుంకుమలా ఎర్రటి గుండీలు. మధ్యలో ఒక్కటీ లేదు, ఎంత బాగా కలిసిపోయినవైనా ఏరేశాను. అంచుల్లో మాత్రం అన్ని రంగులవీ దర్జాగా కూర్చున్నాయి.

"సార్ పక్షి అయితే రంగుతో పన్లేదు. పక్కకు జరిగితే చాలు, బతికిపోవచ్చు," అన్నాడు వెనక బెంచీలోంచి ఎవడో. అప్పుడు నవ్వారు.

ఇంటికి వస్తూ దారంతా ఆలోచించాను. అందరూ రంగు గురించే మాట్లాడతారు, చోటు గురించి ఎవరూ పట్టించుకోరు. పురుగుకు అంచే ఆశ్రయం! టీచర్ల పత్రికకు వ్యాసం రాయబోతున్నాను. పేరు కూడా కుదిరింది: 'అంచు ఆశ్రయం: ఒక కొత్త పరిశీలన'. ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకంటూ ఒక సిద్ధాంతం పుట్టింది.

జూలై 13

వ్యాసం సగమైంది. నా శైలి ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

జూలై 15

సిద్ధాంతాన్ని గట్టిపరచడానికి మళ్ళీ ఆడాం. పిల్లలు పక్షులైనప్పుడు అంచుల్లోవీ పోయాయి, మధ్యలోవీ పోయాయి. నేను పక్షినైతేనే అంచు ఆశ్రయం పనిచేస్తోంది. కొత్త సిద్ధాంతాలకు మొదట్లో ఇలాంటి చిక్కులు తప్పవు.

లాయరమ్మ ఊరుకోలేదు. మళ్ళీ గుండీలు చల్లి, దుప్పటిని ఒక పక్కకు లాగింది. ఇందాకటి అంచు ఇప్పుడు నాకు ఎదురుగా వచ్చింది.

"ఇప్పుడు ఏరండి సార్."

ఏరాను. ఇందాకటి అంచు ఖాళీ అయింది. ఇందాకటి మధ్యభాగం ఇప్పుడు నా కుడిచేతి వైపుకు పోయింది, అక్కడ గుండీలన్నీ క్షేమం.

"అంచు దుప్పటిది కాదు సార్," అంది నెమ్మదిగా. ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఆ పిల్ల మాట మధ్యలో ఆపడం ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి.

"బెల్లు కొట్టేశారు, పదండి," అన్నాను. బెల్లు ఇంకా కొట్టలేదు.

జూలై 16

ల్యాబులో ట్యూబులైట్లు మార్పించాలి.

జూలై 17

ల్యాబులో ట్యూబులైట్లు కొత్తవేనట.

జూలై 20

అక్క ఫోన్ చేసింది. ఆమె ఒక కంపెనీలో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం చేస్తుంది. చూపు తగ్గాక గొంతు మరీ పదునెక్కింది.

"ఒరేయ్, మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకుంటున్నావా?"

"నేనెందుకు తడుముకుంటాను?"

"పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతున్నావా?"

"అక్కా, నువ్వు కస్టమర్లను కూడా ఇలాగే వాయిస్తావా?"

"మాట మార్చకు. మీ ఆవిడ నెల్లాళ్ళుగా నాతో మాట్లాడుతోంది. నీకు చెప్పడానికి భయపడుతోంది. ఒక్కసారి డాక్టరుకు చూపించుకోరా."

"నీకు వచ్చింది కదే. నాకెందుకు వస్తుంది?"



"నువ్వు పిల్లలకు ఏం పాఠం చెబుతావురా?" అంది అక్క.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ మీద ఎగిరాను. నా వెనక మంతనాలేమిటన్నాను. ఆవిడ మిషను తొక్కుతూ కూర్చుంది. మిషనులో గుడ్డ లేదన్న సంగతి నేను చూశాను. నాకన్నీ కనబడతాయి.

జూలై 21

అమ్మయ్య.

ఆదివారం కదా, పిచ్చుకను పిలిచి గుండీలాట ఆడదామన్నాను. కాలేజీ వెలుతురును నమ్మడానికి లేదు, ఇంట్లో కిటికీ పక్కన పరీక్ష చేసుకోవాలనిపించింది. పిచ్చుక దుప్పటి పరిచి, నన్ను కళ్ళు మూసుకోమని, నాలుక బయటపెట్టి ఎంతో శ్రద్ధగా గుండీలు సర్దింది. "ఇప్పుడు తెరువు నాన్నా."

చకచకా ఏరేశాను. ఒక్కటంటే ఒక్కటీ మిగల్లేదు! పిచ్చుక చప్పట్లు కొడుతూ గంతులేసింది. మళ్ళీ ఆడాం. మళ్ళీ అంతే, దుప్పటి ఊడ్చిపెట్టినట్టుంది.

ఇన్నాళ్ళూ మా ఆవిడా అక్కా కలిసి నా గుండెల్లో గుబులు పెట్టారు. ఆ గుబులు ఉందని ఇప్పుడు పోయింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. నా కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. వ్యాసం రేపే పంపించేస్తాను.

జూలై 24

ఏం రాయను.

అక్కకు వినిపించాలని ఈ రోజు ఫోన్ స్పీకరులో పెట్టి, మా ఆవిణ్ణి గుండీలు చల్లమన్నాను. పిచ్చుక ఇంకా బడినుంచి రాలేదు. ఆవిడ వద్దంది. బతిమాలాను. గుప్పెట నిండా తీసి, అందరూ చల్లినట్టే చల్లింది.

నేను ఏరుతూ క్రికెట్ వ్యాఖ్యానంలా చెప్పుకుపోతున్నాను. "ఇదిగో నీలం అక్కా, ఇదిగో ఆకుపచ్చ, అయిపోయాయి! చెప్పవే, మీ వదినగారికి చెప్పు!" అని మా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

అప్పుడే పిచ్చుక బ్యాగు భుజానే ఉంచుకుని లోపలికి వచ్చింది. దుప్పటి చూసి వాళ్ళమ్మను కోప్పడింది.

"అలా కాదమ్మా! మధ్యలో పెట్టాలి. నాన్నకు మధ్యలోవే కనిపిస్తాయి. నీకు ఈ ఆట రాదు."

ఫోన్లో అక్క ఊపిరి వినబడుతోంది.

"అందుకేనా నా ఎడమ చెయ్యి పట్టుకుంటావు?" అని అడిగాను.

"ఆ. స్తంభాలన్నీ అటే ఉంటాయి కదా," అంది పిచ్చుక, బూట్లు విప్పుకుంటూ.

నేను వెళ్ళి పెరటి గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. ఇంత వయసొచ్చి ఏడవడం ఏమిటని సిగ్గేసింది, అయినా ఏడుపు ఆగలేదు. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఎడమవైపు కూర్చుంది.

జూలై 25

డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాను. వ్యాసం చింపేశాను. శైలి మాత్రం బాగుంది.

జూలై 30

డాక్టరమ్మ నన్ను తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, చేతికి ఒక స్విచ్చు ఇచ్చింది. మధ్యలో చుక్కనే చూస్తూ ఉండాలట, చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మెరిసినా నొక్కాలట. నాకు నవ్వొచ్చింది. ఇది నా ఆటే. గుండీలకు బదులు దీపాలు, అంతే తేడా.

నొక్కాను. తర్వాత చాలాసేపు ఏదీ మెరవలేదు. యంత్రం పాడైందేమో అడుగుదామనుకున్నాను. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. ఒక్కో టిక్కూ నేను చూడని ఒక్కో దీపమని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఆమె తెల్లకాగితం మీద వంశవృక్షం గీసింది. ఏటా నేను బోర్డు మీద గీసేదే. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా; జబ్బున్నవాళ్ళకు నలుపు, లేనివాళ్ళకు ఖాళీ. నాన్న నల్ల చదరం. అక్క నల్ల సున్నా. నా చదరం గీసి, లోపల నింపకుండా నా వైపు చూసింది.

"నింపండి. పిల్లలు అలా ఖాళీగా వదిలేస్తే నేను మార్కులు కోస్తాను," అన్నాను.

ఆమె నవ్వలేదు, నింపింది. మధ్య చూపు ఇంకా చాలా ఏళ్ళు ఉండవచ్చంది. చదువుకోవచ్చు, పాఠం చెప్పవచ్చు. చీకటి పడ్డాక బండి తోలకూడదు. నేను తల ఊపుతూనే ఉన్నాను. నా చూపంతా ఆ నల్ల చదరం కింద ఆమె గీసిన చిన్న సున్నా మీదే ఉంది. పిచ్చుక.

"దాన్నేం చేస్తారు?" అని అడిగాను.

"అలాగే ఉంచుతాను. ఈ వయసులో పైకి ఏమీ తెలియదు. రక్తపరీక్ష ఉంది, కానీ అది తను పెద్దయ్యాక తేల్చుకోవలసిన సంగతి. మీరూ నేనూ కాదు," అని కలానికి మూత పెట్టింది.

సగానికి సగం. ఇన్నేళ్ళూ ఈ మాటను క్లాసులో పల్లీలు తిన్నంత తేలిగ్గా చెప్పాను.

జూలై 31

అక్కకు చెప్పాను.

"రా నాయనా రా. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే ఉండి విసుగు పుడుతోంది," అంది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. "నీకు రాకూడదని ఎంత కోరుకున్నానో తెలుసా? నాకు వచ్చింది కదా, వాడికొద్దులే అనుకునేదాన్ని."

అక్కకూ సున్నా వేయాలి. మనసొప్పలేదు.

ఆగస్టు 5

లాయరమ్మ క్లాసులో ఒక ప్రశ్న అడిగింది. నా సంగతి ఆమెకు తెలుసని నాకు తెలుసు, అందుకే చాలా జాగ్రత్తగా అడిగింది.

"సార్, ఆ పరీక్షలో రాసిన కుటుంబం లాంటివాళ్ళు... ప్రకృతి వరణం ఆ జబ్బును ఎందుకు తీసేయలేదు?"

"నలభైకి అటూ ఇటూగా మొదలవుతుంది కదమ్మా. అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటారు. నలభై దాటినవాడితో ప్రకృతికి పని లేదు. వాడు స్తంభానికి కొట్టుకున్నా, స్టూలు మీద పడ్డా, వ్యాసాలు రాసుకున్నా పట్టించుకోదు."

క్లాసు నవ్వింది. లాయరమ్మ నవ్వలేదు.

"మరి ఎవరు పట్టించుకుంటారు సార్?"

నాకు తెల్ల పెయింటు వేసిన మెట్లు గుర్తొచ్చాయి. "ఆ రోజు నువ్వు చెప్పింది నిజమే. అంచు దుప్పటిది కాదు, నాది," అని చెప్పాను.

ఆగస్టు 11

ఆదివారం. పిచ్చుకకు చెప్పాలని మేమిద్దరం నిర్ణయించుకున్నాం. మొత్తం కాదు, తొమ్మిదేళ్ళకు సరిపోయేంత. తాతయ్యకు వచ్చింది, అత్తకు వచ్చింది, నాకు వచ్చింది అని చెప్పాను. అది తీరిగ్గా విని, నేను అడగకూడదని మొక్కుకుంటున్న మాటే అడిగింది.

"మరి నాకు?"

"తెలియదు తల్లీ. రావచ్చు, రాకపోవచ్చు."

"నాణెంలాగానా?"

"నాణెంలాగానే."

"అయితే ఇప్పుడు నువ్వు పెట్టు, నేను ఏరతాను," అని పరిగెత్తుకెళ్ళి దుప్పటీ, గుండీల డబ్బా తెచ్చింది.

నేను మోకాళ్ళ మీద పాకుతూ గుండీలు పెట్టాను. ఒక్కటీ మధ్యలో పెట్టలేదు. దుప్పటి కుచ్చుల కింద పెట్టాను, మిషను నీడలో పెట్టాను, రంగులో రంగు కలిసిపోయేలా పెట్టాను. నా ఒంట్లోని భయమంతా తీసి అంచుల్లో సర్దాను. ఇది చేయకూడని పని. ఈ వయసులో ఈ పరీక్షకు అర్థమే లేదని డాక్టరు గారు చెప్పకముందే నాకు తెలుసు. తెలిసి తెలిసీ చేశాను.

పిచ్చుక దుప్పటి మధ్యలో గొంతుక్కూర్చుంది. తల తిప్పనైనా తిప్పకుండా అటు చెయ్యి ఒకటి, ఇటు చెయ్యి ఒకటి చాపి ఏరుకుపోయింది. నేను పెట్టి మరిచిపోయినవి కూడా తీసింది. ఆ తర్వాత దుప్పటి దాటి, గోడవారకు వెళ్ళి, దుమ్ము పట్టిన రెండు గుండీలు పట్టుకొచ్చింది.

"ఇవి మొన్న నువ్వు ఏరనివి నాన్నా. నీకోసం దాచలేదు, నిజంగా ఇప్పుడే చూశాను."

దీనివల్ల ఏదీ రుజువు కాదు. ఇదే జవాబు ఏ విద్యార్థి రాసినా సున్నా చుట్టి పక్కన నాణెం గురించి ఒక పేరా రాసేవాణ్ణి. పిచ్చుకకు నూటికి నూరు వేశాను.

మా ఆవిడ లేచి స్టూలును పాత చోటుకు జరపబోయింది. అక్కడే ఉండనివ్వమన్నాను. ఇక నుంచి నేను చూసుకుని నడుస్తాను. కనబడనప్పుడు అడుగుతాను.